రైలు కబుర్లు: నంబర్లు రాసుకున్నవాళ్లు, బొమ్మ పట్టాలు పరిచినవాళ్లు

(డోర్నకల్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగి, బుకింగ్ క్లర్కుగా చేరి బుకింగ్ సూపర్‌వైజరుగా రిటైరైన మన ‘రైలు అత్తయ్య’ పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

పోయిన నెల ఏసీ బోగీలో దుప్పట్ల గురించి రాస్తూ, చివర్లో ‘చిన్నప్పుడు ఇంజను నంబర్లు రాసుకునేవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?’ అని ఊరికే ఒక మాట అడిగాను. దుప్పట్ల సంగతి అందరూ మర్చిపోయారు. వచ్చిన ఉత్తరాలన్నీ ఇంజన్ల గురించే. ఈ నెల పేజీ వాళ్లదే.

ప్రశ్న: నాకు డెబ్బై నాలుగేళ్లు. తెనాలిలో మా ఇల్లు రైలుకట్టకి దగ్గర. హైస్కూల్లో ఉన్నప్పుడు సాయంత్రాలు కట్ట మీద కూర్చుని వచ్చే పోయే ఇంజన్ల నంబర్లు నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి. మొన్న అటక దులుపుతుంటే ఆ పుస్తకం బయటపడింది. మనవళ్లు ‘ఇవి దేనికి తాతయ్యా?’ అంటే ఏం చెప్పాలో తోచలేదు. మా ఆవిడ పడీ పడీ నవ్వింది. నాలాంటి పిచ్చివాళ్లు ఇంకెవరైనా ఉండేవారా?
— రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి

ఉండేవారా అని అంత మెల్లగా అడుగుతారేంటి మాస్టారూ! ఇంగ్లండులో ఒక తరం మగపిల్లలు సగం మందికి ఇదే పని. అక్కడ ఇయాన్ అలన్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. పదిహేనేళ్లకే ప్రమాదంలో ఒక కాలు పోయింది. సదరన్ రైల్వే వాళ్ల లండన్ వాటర్లూ ఆఫీసులో గుమాస్తా. ‘ఫలానా ఇంజను నంబరెంత, ఎప్పుడు తయారైంది’ అని జనం రాసే ఉత్తరాలకు జవాబులు రాసీ రాసీ విసుగెత్తి, ఆ వివరాలన్నీ ఒక చిన్న పుస్తకంగా వేద్దామన్నాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. 1942లో, యుద్ధం మధ్యలో, తనే అచ్చు వేయించుకున్నాడు. వెల ఒక షిల్లింగు. రెండు వేల కాపీలు చూస్తుండగానే అమ్ముడుపోయాయి. తర్వాత మిగతా రైల్వేలకూ అలాంటి పుస్తకాలు వచ్చాయి. పిల్లలు వాటిని జేబులో పెట్టుకుని స్టేషన్‌కి పోయి, చూసిన ఇంజను నంబరు కింద స్కేలుతో గీత గీసుకునేవారు. గీత పడని నంబరు కోసం ఊళ్లు దాటి తిరిగేవారు. ఆ దేశంలో 1968 ఆగస్టులో బొగ్గింజన్లు ఆగిపోయాక చాలామంది పెన్సిలు కింద పెట్టేశారట.

మనకి ఆ పుస్తకాలు లేవు. అందుకే మీ నోట్‌బుక్కు ఇంకా గొప్పది. చేతిలో జాబితా ఉంటే గీత గీయడమే పని. మీరు జాబితానే తయారుచేశారు.

డోర్నకల్లో మేమూ అదే చేసేవాళ్లం, నేనూ మా తమ్ముడూ. క్వార్టర్స్ వెనక కల్వర్టు గోడ మా ఆఫీసు. కొత్తగూడెం వైపు నుంచి బొగ్గు వ్యాగన్లు లాక్కొచ్చే డబ్ల్యూజీ అనే గూడ్సు ఇంజన్లు, మెయిన్ లైన్లో డబ్ల్యూపీ అనే ప్యాసింజరు ఇంజన్లు. డబ్ల్యూపీ ముక్కు గుండ్రంగా పొడుచుకొచ్చి, దాని మీద నక్షత్రం ఉండేది. నంబరు ఏడుతో మొదలయ్యేది. డబ్ల్యూజీలవి ఎక్కువగా ఎనిమిదీ తొమ్మిదీ. సిగ్నల్ పడిందంటే వాడు గోడ ఎక్కేవాడు, నేను పెన్సిలు నాలుకకి అద్దుకునేదాన్ని. నంబరు వాడు అరుస్తాడు, నేను రాస్తాను. ఇంజను ఏ షెడ్డుదో (ఇంజన్లను ఉంచి, బాగుచేసే చోటు) దాని మీదే రాసి ఉండేది కాబట్టి, రోజూ వచ్చేవాటి మధ్య ఎక్కడో దూరపు షెడ్డు ఇంజను కనబడితే ఇంటికి చుట్టం వచ్చినంత హడావుడి. ఆడపిల్లకి ఇంజన్లేంటని పక్క క్వార్టర్ పిన్ని మా అమ్మతో అనేది. అమ్మ పట్టించుకోలేదు, కల్వర్టు మీద ఉన్నంతసేపూ మేమిద్దరం కొట్టుకోమని.

మీకో పని చెప్తాను. మీ వయసు లెక్కవేస్తే ఆ పుస్తకంలో 1966కి అటూ ఇటూ పేజీలు ఉండాలి. ఆ ఏడు అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. అంతకుముందు మీ బెజవాడ డివిజన్ సదరన్ రైల్వేలో, మా సికింద్రాబాద్ డివిజన్ సెంట్రల్ రైల్వేలో ఉండేవి. టెండరు (ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే పెట్టె) మీద అక్షరాలు కూడా మీరు రాసుకుని ఉంటే, ఏ ఇంజను మీద పాత పేరు ఎంతకాలం మిగిలిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేని సంగతి మీ అటక మీద ఉన్నట్టు. తేదీలున్న పేజీలు ముందు ఫోటో తీయించండి. మన దేశంలో 1989 నుంచి ఇండియన్ రైల్వేస్ ఫ్యాన్ క్లబ్ అని ఒకటి నడుస్తోంది. ఇలాంటి కాగితం కోసం వాళ్లు ప్రాణం పెడతారు. మనవళ్ల చేతే పంపించండి, దేనికన్నది వాళ్లకే అర్థమవుతుంది.

ప్రశ్న: మా బాబుకి పదకొండేళ్లు. సెలవు వస్తే చాలు, స్టేషన్‌కి తీసుకెళ్లమంటాడు. ఎక్కడికీ వెళ్లడానికి కాదు, ఇంజన్లు చూడ్డానికి! మావారేమో చదువు పాడవుతుందంటారు. నాకు చదువు కన్నా పట్టాల దగ్గర నిలబడతాడనే టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, మౌలాలి

మౌలాలిలో కాపురం పెట్టి పిల్లాడు ఇంజన్లు చూడకూడదంటే ఎలాగమ్మా! నీ టెన్షన్ మాత్రం న్యాయమైనదే. ముందు దాని సంగతి.

ప్లాట్‌ఫారం టికెట్ కొను. పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. పండగ రద్దీలో ఒక్కోసారి అమ్మకం ఆపేస్తారు, అప్పుడు వెళ్లొద్దు. పసుపు గీతకి ఇవతలే నిలబడాలి. పట్టాలు దాటడం, కట్ట మీద తిరగడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మేం కల్వర్టు మీద కూర్చున్న కాలం వేరు, ఆ బండ్ల వేగం వేరు. ఇప్పుడు కరెంటు ఇంజను చప్పుడు వినబడేసరికి అది మీదికి వచ్చేసి ఉంటుంది. ఫుటోవర్ బ్రిడ్జి మీంచి సెల్ఫీ కర్ర కిందికి చాపనివ్వకు, పట్టాల పైన ఇంజనుకి కరెంటిచ్చే తీగలో 25 వేల వోల్టులు. షెడ్లలోకీ యార్డుల్లోకీ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. పైన చెప్పిన ఇయాన్ అలన్‌కి కూడా ఇదే తలనొప్పి వచ్చింది. 1944లో టామ్‌వర్త్ దగ్గర పిల్లలు పట్టాల మీదికి పోయి పట్టుబడితే, ఆయన ఒక క్లబ్బు పెట్టి, రైల్వే హద్దు దాటమని పిల్లలతో మాట ఇప్పించుకున్నాడు. నీ కొడుకు చేత కూడా ఇప్పించుకో.

ఇక చదువు. ఒక ఇంజను ముందు వాణ్ణి నిలబెట్టి, దాని మీది అక్షరాలు చదవమను. మొదటి అక్షరం గేజ్, అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు. డబ్ల్యూ అంటే వెడల్పైన బ్రాడ్‌గేజ్, వై అంటే అంతకన్నా సన్నని మీటర్‌గేజ్, జెడ్ అంటే ఇంకా సన్నని నేరోగేజ్. రెండో అక్షరం డి అయితే డీజిల్, ఎ అయితే ఏసీ కరెంటు. మూడోది పి అయితే ప్యాసింజరు, జి అయితే గూడ్సు, ఎం అయితే రెండూ, ఎస్ అయితే షంటింగ్, అంటే యార్డులో పెట్టెల్ని అటూ ఇటూ మార్చేది. కాబట్టి డబ్ల్యూఏపీ-7 అని కనబడగానే సగం కథ తెలిసిపోతుంది. అది ఆరు వేల హార్స్ పవర్ దాటిన ఇంజను. మా కాలంలో మేం నోరు తెరుచుకుని చూసిన డబ్ల్యూడీఎం-2 డీజిల్‌కి 2600. షెడ్డు పేరు కూడా అక్కడే ఉంటుంది. మీ దగ్గరివి లాలాగూడ, కాజీపేట. విజయవాడ షెడ్డుది బీజెడ్‌ఏ, రైల్వే లెక్కలో అది ఇంకా బెజవాడే.

బండి వెళ్లిపోయేటప్పుడు అందరూ మొహం తిప్పేసుకుంటారు. వాణ్ణి మాత్రం చివరిదాకా చూడమను. ఆఖరి పెట్టె మీద పెద్ద ఇంటూ గుర్తు, ఎల్‌వీ (లాస్ట్ వెహికల్, అంటే ఆఖరి బండి) అని పసుపు బోర్డు ఉంటాయి. అవి కనబడితేనే బండి మొత్తం వచ్చినట్టు లెక్క. మధ్యలో పెట్టెలు తెగి వెనక ఉండిపోలేదని స్టేషన్లో వాళ్లు చూసుకునేది వాటినే. వెనక పెట్టెలో జెండా పట్టుకున్న గార్డుగారిని 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. నా నోటికి ఇంకా గార్డే వస్తుంది. పిల్లాడు చెయ్యి ఊపితే చాలామంది తిరిగి ఊపుతారు.

మీవారినీ ఒకసారి తీసుకెళ్లు. నాకు తెలిసి మగవాళ్లు పది నిమిషాల్లో కొడుకుని పక్కకి జరిపి తామే ముందుకొస్తారు.

ప్రశ్న: బొగ్గింజను కూత, ఆ పొగ వాసన, హేవలాక్ వంతెన మీద చప్పుడు, గోదావరిలో వేసే చిల్లర... ఆ రోజులే బంగారం మేడమ్. ఇప్పటి రైళ్లలో ఏముంది, డబ్బాలు. మీరేమంటారు?
— ఒక అభిమాని, రాజమండ్రి

కూత నాకూ ఇష్టమే. హేవలాక్ వంతెన మీద చిల్లర నేనూ వేశాను. 1900లో మొదలై 1997 దాకా బండ్లు మోసిన వంతెన అది, దాన్ని తలుచుకోవడంలో తప్పేం లేదు. కానీ ఆ రోజులు బంగారం అనే మాట మా నాన్న ముందు అని ఉంటే ఆయన మీ వైపు ఒక చూపు చూసి ఊరుకునేవాడు.

నాన్న ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరయ్యాడు. రాత్రి ఏ రెండింటికో కాల్‌బాయ్ లాంతరు పట్టుకుని వచ్చి కిటికీ చువ్వ మీద టకటకా కొట్టేవాడు. చువ్వల్లోంచి పుస్తకం చాపితే నాన్న సగం నిద్రలోనే డ్యూటీకి సంతకం పెట్టేవాడు. అమ్మ అప్పటికే స్టవ్ వెలిగించేది. మా వైపు మే నెల ఎండ ఎలా ఉంటుందో ఖమ్మం వాళ్లని అడగండి. ఆ ఎండలో ఫైర్‌బాక్సు తలుపు ముందు నిలబడి, ఊగుతున్న ఇంజనులో, పారతో బొగ్గు తోయాలి. ఎక్కడ పడితే అక్కడ వేస్తే కుదరదు, మంట సమంగా పరుచుకోవాలి. చేతుల మీద మోచేతిదాకా చిన్న చిన్న మచ్చలుండేవి, నిప్పురవ్వలు పడ్డవి. ఇంటికొచ్చాక అమ్మ చీరకొంగు కొస మెలితిప్పి ఆయన కంట్లో నలుసులు తీసేది. కాటన్ వేస్టుతో ఎంత తుడుచుకున్నా గోళ్ల కింద నలుపు పోయేది కాదు, పెళ్లిళ్లలో ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. డీజిల్ ట్రైనింగ్ అయి వచ్చిన రోజున అమ్మతో ఆయన చెప్పిన మొదటి ముక్క: ‘కూర్చుని తోలే బండే!’

చూసినవాళ్లకి ముచ్చట, తోలినవాళ్లకి చాకిరీ. రెండూ నిజమే. నా గొడవల్లా మొదటిదే చెప్పి రెండోది మర్చిపోయే వాళ్లతోనే. ఇప్పటి రైళ్లు డబ్బాలన్నారు. కింది ఉత్తరం చదవండి, ఆ డబ్బాల్ని మిల్లీమీటర్లతో కొలుస్తున్న మనిషి ఉన్నాడు.

ప్రశ్న: మా ఇంటి బేస్‌మెంటులో మన రైల్వే మోడల్ కట్టాలని కోరిక. హెచ్‌ఓ స్కేలు పట్టాలు కొన్నాను. మన ఇంజను మోడల్ కూడా సంపాదించాను. తీరా పట్టాల మీద పెడితే ఏదో తేడాగా ఉంది, మన బండిలా లేదు. తేడా ఎక్కడుంది?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఎడిసన్, న్యూజెర్సీ

తేడా ఇంజనులో కాదు బాబూ, పట్టాల్లో ఉంది. ఈ సంగతి నాకు మా తమ్ముడు చెప్పాడు. కల్వర్టు గోడ ఎక్కి నంబర్లు అరిచినవాడే, ఇప్పుడు సికింద్రాబాద్‌లో తన ఫ్లాట్లో ఒక పడగ్గది మొత్తం పట్టాలతో నింపేశాడు. మరదలు వాడితో మాట్లాడ్డం మానలేదు గానీ, ఆ గది ఊడవడం మానేసింది.

హెచ్‌ఓ అంటే అసలుకి 87వ వంతు. దాని పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అంటే అసలు కొలతలో 1435. అది అమెరికా, యూరప్ గేజ్. మన బ్రాడ్‌గేజ్ 1676. దాన్ని 87తో భాగిస్తే 19 దాటుతుంది. నీ ఇంజను ఒళ్లు మనది, కాళ్లు వాళ్లవి. ముందు నుంచి చూస్తే బొజ్జ ఉన్న మనిషి పాదాలు దగ్గరపెట్టి నిలబడ్డట్టు ఉంటుంది. పక్క నుంచి చూస్తే ఎవరికీ తెలియదు. అందుకే చాలామంది సర్దుకుపోతారు.

సర్దుకోలేని వాళ్లకి రెండు దారులు. ఆ 16.5 పట్టాల మీదే బండిని నూరో వంతు చేసి కట్టడం. అప్పుడు గేజ్ దాదాపు సరిగ్గా కుదురుతుంది. కాకపోతే బజార్లో దొరికే మనుషులూ ఇళ్లూ అన్నీ 87వ వంతువి, పక్కన పెడితే పెద్దగా కనబడతాయి. రెండోది బ్రాడ్‌గేజ్ వదిలేసి మీటర్‌గేజ్‌కి పోవడం. 12 మిల్లీమీటర్ల పట్టాలు 87వ వంతుకి సరిపోతాయి. వైపీ, వైజీ ఇంజన్లు నడిచిన గుంటూరు–మాచర్ల లైనో, సికింద్రాబాద్–ద్రోణాచలం లైనో ఎంచుకో. చిన్న స్టేషన్లు, పొట్టి బండ్లు, ఇంట్లో పట్టేవి. నన్నడిగితే ఇదే మంచిది. మా తమ్ముడు ఒప్పుకోడు, వాడికి డోర్నకల్ తప్ప లోకం లేదు.

చోటు సంగతి ముందే చూసుకో. నీలపు రంగు ఐసీఎఫ్ పెట్టె పొడవు 21.3 మీటర్లు, హెచ్‌ఓలో ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు. పద్దెనిమిది పెట్టెల ఎక్స్‌ప్రెస్ నాలుగు మీటర్లు దాటుతుంది, ఇంజను కాకుండా. ఐదు పెట్టెలతో సరిపెట్టుకో, కన్ను మిగతావి కలుపుకుంటుంది. ఎనిమిదడుగులు నాలుగడుగుల ప్లైవుడ్ మీద గుండ్రంగా తిప్పుదామంటావేమో, ఆ వెడల్పులో వంపు వ్యాసార్ధం 22 అంగుళాలు దాటదు. అంత పొడుగు పెట్టె ఆ వంపులో బయటికి పొడుచుకొచ్చి పక్క సిగ్నల్‌ని కొట్టేస్తుంది. బేస్‌మెంటు ఉన్న అదృష్టవంతుడివి, గోడ వెంబడే అలమర పలకలా పొడుగ్గా కట్టుకుంటూ పో.

మా తమ్ముడి డోర్నకల్ 1970ల నాటిది. కంకరకి మొదట్లో బొంబాయి రవ్వ వాడాడు, సైజు అచ్చంగా కుదిరింది, వారానికి చీమలు పట్టాయి. ఇప్పుడు జల్లెడ పట్టిన ఇసుక, నీళ్లు కలిపిన ఫెవికాల్‌ని ఇంకు ఫిల్లరుతో చుక్క చుక్కగా వేస్తాడు. టెండర్లో బొగ్గు మాత్రం నిజం బొగ్గే, కొత్తగూడెం నుంచి తెచ్చి రోట్లో దంచింది. ప్లాట్‌ఫారం మీద వేపచెట్టు కింద చలివేంద్రం ఉంది. కాగులు ఏంటా అని వంగి చూస్తే మిరియాలు. పక్కన నాలుగు ఎర్ర ఇసుక బకెట్లు, పసుపు బోర్డు మీద మూడు భాషల్లో ఊరి పేరు. తెలుగు అక్షరాలు భూతద్దంతో రాశాడు. కల్వర్టు కూడా కట్టాడు, దాని మీద రెండు బొమ్మలు. ‘వీళ్లలో నేనెవర్రా’ అంటే ‘పెన్సిలు నాకేది నువ్వే’ అన్నాడు. బొమ్మ ఎత్తు రెండు సెంటీమీటర్లు లేదు, పెన్సిలు ఎక్కడుందో వాడికే తెలియాలి.

ప్రశ్న: నిజం ఆవిరి ఇంజను, మంచి బొమ్మ రైళ్లు పిల్లలకి చూపించాలంటే ఎక్కడికి తీసుకెళ్లాలి?
— ఇద్దరు పిల్లల తండ్రి, కర్నూలు

బ్రాడ్‌గేజ్ మీద రోజువారీ ఆవిరి బండ్లు 1995తోనే అయిపోయాయి. నడిచే ఇంజను కావాలంటే ఊటీ దారి. మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా కొండ ఎక్కించేది ఆవిరి ఇంజనే, వెనక నుంచి తోస్తుంది. పట్టాల మధ్యలో పళ్ల పట్టీ ఉంటుంది, పిల్లలకి ముందు అది చూపించండి. టికెట్లు త్వరగా అయిపోతాయి, ముందే చేయించుకోండి. ఆగి ఉన్నవి చాలంటే ఢిల్లీ చాణక్యపురిలో నేషనల్ రైల్ మ్యూజియం. బొమ్మ రైళ్లకి పుణేలో జోషీగారి మినియేచర్ రైల్వే మ్యూజియం. చిన్నదే, కానీ సిగ్నళ్లతో సహా నడిపి చూపిస్తారు. విదేశం వెళ్లే వీలుంటే జర్మనీలో హాంబర్గ్ నగరం, 2001లో కవల అన్నదమ్ములు మొదలుపెట్టిన మినియాటూర్ వుండర్‌లాండ్. అంత దూరం ఎందుకంటే ఏటికొప్పాక లక్క రైలు ఒకటి కొనివ్వండి, తాడు కట్టి ఇల్లంతా లాగుతారు.

ప్రశ్న: మా నాన్నగారు దాచిన పాత అట్ట రైలు టికెట్లు ఒక డబ్బా నిండా ఉన్నాయి. విలువేమైనా ఉంటుందా? పాడవకుండా లామినేషన్ చేయిద్దామనుకుంటున్నాను.
— ఒక పాఠకురాలు, ఒంగోలు

లామినేషన్ మాత్రం వద్దు తల్లీ! వేడికి అట్ట రంగు మారుతుంది, మళ్లీ ఊడదీయలేవు.

వాటిని ఎడ్మండ్‌సన్ టికెట్లంటారు. 1830ల చివర్లో ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే స్టేషన్ మాస్టరు కనిపెట్టిన పద్ధతి. 57 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు, ప్రపంచమంతా అదే కొలత. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా వెనక గోడకి చెక్క బీరువా, అందులో ఊరికో గొట్టం. కింద నుంచి టికెట్ లాగితే పైది జారేది. డేటింగ్ మెషీన్లో దూరిస్తే టక్‌మని తేదీ పడేది. డ్యూటీ దిగేటప్పుడు ప్రతి గొట్టంలో మిగిలిన మొదటి నంబరు రాసుకుని, అమ్మినవెన్నో తీసివేసి, డబ్బుతో సరిపెట్టాలి. నంబర్ల పిచ్చి ఉన్నదాన్ని కాబట్టి నాకు సరదాగానే ఉండేది, పక్క సీటాయన తిట్టుకుంటూ చేసేవాడు.

డబ్బు విలువ పెద్దగా ఉండదు, ఇప్పుడు లేని స్టేషన్‌దో, మీటర్‌గేజ్ లైన్‌దో అయితే సేకరించేవాళ్లు కాస్త ఎక్కువిస్తారు. తపాలా బిళ్లలు దాచే ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్‌లో పెట్టుకో, తేదీ వైపు పైకి ఉండేలా. రబ్బరు బ్యాండు వేయకు, అంటుకుపోతుంది. గంటు పడ్డ టికెట్ పాడైందని తీసి పారేసేవు, ఆ గంటు చెకింగ్ వాళ్లు కొట్టింది. మాచర్ల లైనువి ఉంటే ఫోటో తీసి పత్రిక అడ్రసుకి పంపు, న్యూజెర్సీ అబ్బాయికి పనికొస్తాయి.